ఒకే వేలిముద్ర, రెండు రాష్ట్రాలు

మా నాయనమ్మ వేళ్ళ మీద గీతలు దాదాపు అరిగిపోయాయి. యాభై ఏళ్ళు మిరపకాయలు కోసి, నాట్లు వేసి, అంట్లు తోమిన చేతులవి. రేషన్ షాపుకి తోడు వెళ్ళినప్పుడల్లా అదే తంతు. మిషను మీద ముందు బొటనవేలు పెడుతుంది, పడదు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెడుతుంది, పడదు. చూపుడువేలు, మధ్యవేలు, తర్వాత ఎడమచెయ్యి. ఈలోపు వెనక లైన్లో ఉన్నవాళ్ళు విసుక్కోవడం మొదలుపెడతారు. "రేపు పొద్దున్నే రా పెద్దమ్మా, అప్పుడైతే పడుద్ది" అంటాడు డీలరు. ఆమె సంచీ మడిచి చంకలో పెట్టుకుని వెనక్కి నడుస్తుంది.

ఆ నెలాఖరు దాకా వేలు పడకపోతే నెలవారీ లెక్కలో కనిపించేది ఒక్కటే: ఈ కార్డు మీద బియ్యం తీసుకోలేదు. ఆమె నాలుగుసార్లు వచ్చి వెళ్ళిందని, వచ్చినప్పుడల్లా గంట నిలబడిందని ఆ లెక్కలో ఎక్కడా ఉండదు. ఇంకా దారుణం ఏమిటంటే, ఆ తీసుకోని బియ్యం పైకి వెళ్ళేసరికి "ఆదా" అనే పేరుతో మంచి వార్తగా మారే అవకాశం ఉంది.

ఆధారాలను బట్టి ప్రభుత్వ సేవలను రూపొందించాలి అనే మాట సెమినార్లలో తరచూ వినిపిస్తుంది. కాదనేవాళ్ళు ఎవరుంటారు? కానీ ఆ ఆధారం ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఎవరు ఏమని అడిగితే వచ్చింది అని కాస్త తవ్వితే చిక్కు అక్కడే బయటపడుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక పథకం గురించి పైకి వెళ్ళే సమాచారంలో ఎక్కువ భాగం దాన్ని నడిపేవాళ్ళ నుంచి, లేదా దాని వల్ల ఆదాయం పోయినవాళ్ళ నుంచి వెళుతుంది. లైన్లో నిలబడ్డ మనిషి మాట తనంతట తాను పైకి వెళ్ళదు, ఎవరో ఒకరు పద్ధతిగా ఇంటికి వెళ్ళి అడిగి పట్టుకెళ్ళాలి. మంచి అధ్యయనం చేసే పని ముఖ్యంగా ఇదే. దీనికి ఉదాహరణల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, ప్రపంచమంతా చెప్పుకునే వాటిలో కొన్ని మన తెలుగు జిల్లాల్లోనే జరిగాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్మార్ట్ కార్డుల పని 2006లో మొదలైంది. అప్పటికి ఉపాధి హామీ కూలి ఎక్కువగా పోస్టాఫీసు ద్వారా వచ్చేది, పింఛను ఊళ్ళో పంచాయతీ తరఫు మనిషి చేతుల మీదుగా వచ్చేది. వారమంతా ఎండలో మట్టి తవ్విన మనిషి ఆ డబ్బు కోసం పోస్టాఫీసు చుట్టూ తిరగాలి, వెళ్ళిన రోజు డబ్బు రాలేదంటారు, వచ్చిన రోజు ఈయన పనిలో ఉంటాడు. కొత్త పద్ధతిలో వేలిముద్రలు తీసుకుని కార్డు ఇస్తారు, బ్యాంకు తరఫున ఊళ్ళోనే ఒకరు, వీలైతే డ్వాక్రా సంఘంలో ఉన్న ఆడమనిషి, చిన్న మిషను పెట్టుకుని కూర్చుంటారు. వేలు పెడితే డబ్బు, చేతికి రసీదు.

మొదటి ప్రయత్నం చాలాచోట్ల సరిగా సాగలేదు. అలా సాగని ఎనిమిది జిల్లాల్లో (ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం) 2010లో మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడు ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. ఎలాగూ అన్ని మండలాల్లో ఒకేసారి పెట్టలేరు, ఎవరు ముందు ఎవరు వెనక అన్నది ఏదో ఒక పద్ధతిలో తేల్చాలి, కాబట్టి ఆ వరసని లాటరీతో తేల్చుదామని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు అడిగితే ఒప్పుకుంది. 112 మండలాలకు ముందు వచ్చింది, 45 మండలాలకు ఆఖర్న వచ్చింది, మధ్యలో మిగతావి. రెండేళ్ళ తర్వాత ముందువాళ్ళనీ ఆఖరివాళ్ళనీ పోల్చారు. పోల్చిన ఆ 157 మండలాల్లో జనాభా దాదాపు 1 కోటి 90 లక్షలు.

లాటరీ ఎందుకు, కార్డులు రాకముందు ఎలా ఉంది, వచ్చాక ఎలా ఉంది అని చూస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు, ఎందుకో వానల్ని తలుచుకుంటే తెలుస్తుంది. కార్డులు ఇచ్చిన ఏడాది వానలు పడలేదనుకోండి, జనం కరువు పనికి ఎగబడతారు, చెల్లింపులు పేరుకుపోతాయి, కార్డుల వల్లే డబ్బు ఆలస్యమైందని ఎవరో ఒకరు రిపోర్టు రాసేస్తారు. అదే వానలు బాగా పడితే అందరూ పొలం పనుల్లో ఉంటారు, పథకం మీద ఒత్తిడి తగ్గి అన్నీ సాఫీగా నడుస్తాయి, ఆ ఘనత కార్డుల ఖాతాలో పడుతుంది. రెండిట్లోనూ కార్డు చేసిందేమీ లేదు. ఇంకో పొరపాటు పైలట్ ప్రాజెక్టుల్లో జరుగుతుంటుంది: చురుకైన అధికారి ఉన్న మండలాన్ని ఎంచుకుని అక్కడ ఏదో కొత్తది పెట్టి, బ్రహ్మాండంగా నడిచిందని చూపించి, రాష్ట్రమంతా పెట్టాక చతికిలపడటం. లాటరీ వేస్తే వాన రెండు వైపులా ఒకేలా పడుతుంది, మంచి అధికారులూ రెండు వైపులా ఉంటారు, ఇక మిగిలిన తేడా కార్డుదే. ఎవరి పలుకుబడీ పనిచేయని వరస కూడా కాబట్టి మండలాలకీ అన్యాయం జరిగినట్టు కాదు.

ఇక కొలవడం. డబ్బు మధ్యలో ఎంత పోతోందో ఏ ఆఫీసు రికార్డులోనూ ఉండదు, తినేవాడు రాసి పెట్టడు కదా. అందుకని రికార్డుల్లోంచి జాబ్ కార్డుల పేర్లు తీసుకుని ఆ ఇళ్ళకి వెళ్ళారు. ఫలానా వారం మీ ఇంట్లో ఎవరెవరు పనికి వెళ్ళారు, ఎన్ని రోజులు, చేతికి ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది. మస్టరులో ఒక మనిషి పేరు మీద ఆరు రోజులు పడి, ఆయన నాలుగు రోజులే వెళ్ళానంటే రెండు రోజుల కూలి ఎవరి జేబులోకో వెళ్ళినట్టు. ఇలాంటి ఇళ్ళు వేలల్లో చూసి రెండు రకాల మండలాలనీ పక్కపక్కన పెట్టారు. ఒక్కో మనిషీ జ్ఞాపకం నుంచి చెప్పేది అటూఇటూ ఉండొచ్చు, కానీ ఆ పొరపాటు రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి పోలిక చెడదు.

తేలింది ఏమిటంటే, కార్డులు ముందు వచ్చిన మండలాల్లో కూలి డబ్బు త్వరగా అందింది, ప్రతి చెల్లింపుకీ పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది, ఉపాధి హామీలో మధ్యలో పోయే డబ్బు 41 శాతం తగ్గింది. ఇవన్నీ రెండేళ్ళు గడిచాక కూడా చెల్లింపుల్లో సగమే కొత్త పద్ధతికి మారిన స్థితిలో! కూలీలకి ఆదా అయిన సమయానికి విలువ కడితేనే మొత్తం స్మార్ట్ కార్డుల ఖర్చుతో సమానమైంది. ఇక్కడ నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది వేరే ఉంది. ఉపాధి హామీ మీద ప్రభుత్వం పెట్టిన ఖర్చు దాదాపు మారలేదు. ఖజానాకి మిగిలిందేమీ లేదు, అదే డబ్బులో ఎక్కువ భాగం పనిచేసినవాళ్ళ చేతికి వెళ్ళింది. ఖజానా లెక్కలు మాత్రమే చూసే మనిషికైతే ఈ పథకం వల్ల ఏమీ ఒరగలేదనే అనిపిస్తుంది.

వాళ్ళే తర్వాత చేసిన ఇంకో అధ్యయనంలో పేద కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగిందని, ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి హామీ డబ్బు కాదని, బయటి కూలి రేట్లు, పనులు పెరగడం వల్ల వచ్చిందని తేలింది. మన ఊళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది ఆశ్చర్యం కాదు. ప్రభుత్వ పనికి కూలి టైముకి వస్తుందని నమ్మకం కుదిరితే, పొలానికి పిలిచే ఆసామి కూడా రేటు పెంచక తప్పదు.

ఇంత మంచి చేసిన పథకాన్ని ప్రభుత్వం దాదాపు ఎత్తేయబోయింది. ఎందుకంటే కింది నుంచి పైకి వెళ్ళిన మాటలన్నీ ఫిర్యాదులే. మిషన్లు పనిచేయడం లేదు, జనం ఇబ్బంది పడుతున్నారు, పాత పద్ధతే నయం. చెప్పినవాళ్ళలో నిజంగా ఇబ్బంది చూసినవాళ్ళు కొందరు ఉండొచ్చు, కానీ కార్డుల వల్ల చేతివాటం ఆగిపోయినవాళ్ళకే నాయకుల దాకా, అధికారుల దాకా వెళ్ళే దారి ఉంటుంది. పదిమంది మధ్యవాళ్ళకి ఒక్కొక్కరికి నెలకి వేలల్లో పోతుంది, వాళ్ళు ఊరుకోరు. పదివేలమంది కూలీలకి ఒక్కొక్కరికి కాస్త కాస్త కలిసొస్తుంది, దాని కోసం ఎవరు హైదరాబాద్ బస్సెక్కి సెక్రటేరియట్‌కి వెళ్ళి కార్డు బాగుంది సార్ అని చెబుతారు? ఆ సమయంలో సర్వేలో అడిగిన ఒక ప్రశ్న పనికొచ్చింది: పాత పద్ధతి కావాలా, కార్డు కావాలా? ఉపాధి కూలీల్లోనూ పింఛనుదారుల్లోనూ నూటికి 90 మందికి తగ్గకుండా కార్డే కావాలన్నారు. పథకాన్ని కొనసాగించాలనే నిర్ణయంలో ఆ సమాధానాల పాత్ర కూడా ఉంది. ఇది చదివిన రోజు నాకు చాలా సంతోషం వేసింది. నోరు లేనివాళ్ళ మాట ఫైలు దాకా వెళ్ళిన సందర్భాలు మనకి ఎన్ని ఉన్నాయి చెప్పండి?

అయితే ఇంతటితో ఆగిపోయి, వేలిముద్ర పెడితే అవినీతి పోతుందని రుజువైపోయింది అని రాసుకుంటే ఘోరమైన తప్పు చేసినట్టే. ఆ తప్పు చాలామంది చేశారు కూడా.

జార్ఖండ్‌లో రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేశారు. అదే ముగ్గురు ఆర్థికవేత్తలు అక్కడ కూడా లాటరీ పద్ధతిలోనే, 1 కోటి 50 లక్షల మంది లబ్ధిదారులున్న ప్రాంతంలో ఫలితాలు కొలిచారు. అలాంటి మిషనే, అలాంటి వేలే. కానీ వేలిముద్ర అడగడం వల్ల మాత్రమే అక్కడ దొంగతనం తగ్గలేదు. బియ్యం తెచ్చుకోవడానికి సగటు కుటుంబం పడే ఖర్చూ శ్రమా కొంచెం పెరిగాయి. అంతకుముందు కార్డుకి ఆధార్ జోడించుకోని కుటుంబాలకైతే అందే సరుకు 10 శాతం తగ్గిపోయింది.

తర్వాత ఇంకో అడుగు వేశారు. మిషన్లలో నమోదైన దాన్ని బట్టి డీలరు దగ్గర ఎంత సరుకు మిగిలి ఉండాలో లెక్కగట్టి, వచ్చే నెల కోటాలోంచి అంత కోసేశారు. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. కానీ చాలామంది డీలర్ల దగ్గర ఆ మిగులు నిజంగా లేదు, ఎప్పుడో అమ్మేశారు. మరి కొత్త కోటా తగ్గితే ఆ కొరత ఎవరి మీద పడుతుంది? డీలరు తన జేబులోంచి కొని పెట్టడు. కార్డుదారుల సంచుల్లోనే తగ్గింది. దొంగతనం బాగా తగ్గిందని రికార్డులు చెప్పిన ఆ నెలల్లోనే న్యాయంగా రావాల్సినవాళ్ళకి బియ్యం అందకపోవడం కూడా గట్టిగా పెరిగింది. కొన్ని నెలలకే ఆ కోత ఆపేయాల్సి వచ్చింది.

ఒక రాష్ట్రంలో మేలు చేసింది ఇంకో రాష్ట్రంలో ఎందుకు బెడిసికొట్టింది? ఆంధ్రలో మొదటి ఉద్దేశం డబ్బు తీసుకునేవాళ్ళకి దారి సులువు చేయడం. చెల్లించే చోటు ఊళ్ళోకి వచ్చింది, కార్డు లేనివాళ్ళకి పాత పద్ధతిలో చెల్లింపు ఆగలేదు. కార్డు తీసుకోనంత మాత్రాన కూలి పోదు. దాని వల్ల కొంత దొంగతనం మిగిలిపోయింది, నిజమే, తెలిసే మిగిల్చారు. జార్ఖండ్‌లో మొదటి ఉద్దేశం ఖర్చు తగ్గించడం. షాపు అదే, డీలరు అతనే, లైను అదే, అదనంగా వేలిముద్ర వచ్చి చేరింది, అది పడకపోతే ఖాళీ సంచీ. కాబట్టి బయోమెట్రిక్ పనిచేస్తుందా అని అడిగితే దానికి జవాబు లేదు. వేలు పడని మనిషికి ఏం జరుగుతుంది అని అడిగితే ఉంది, రెండు రాష్ట్రాల తేడా ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఉంది. అర్హత లేనివాడికి వెళ్ళకూడదని జల్లెడ సన్నం చేసేకొద్దీ అర్హత ఉన్నవాళ్ళు కూడా అందులో చిక్కుకుంటారు. ఆ రెండు తప్పుల్లో ఏది పెద్ద తప్పు అనేది ఏ అధ్యయనమూ తేల్చదు, అది మన విలువల్ని బట్టి మనం తేల్చుకోవాల్సింది. నన్ను అడిగితే, పదిమంది అనర్హులు బియ్యం పట్టుకెళ్ళినా ఫర్వాలేదు గానీ మా నాయనమ్మలాంటి ఒక్క మనిషి ఖాళీ సంచీతో వెనక్కి రాకూడదు. ఇంకొకరు ఆ అంకెని వేరే చోట పెట్టొచ్చు. కానీ ఎంతమంది చిక్కుకుంటున్నారో కొలవకుండా ఎవరూ ఏదీ తేల్చుకోలేరు.

కొలవడానికి ప్రతిసారీ పెద్ద సర్వేలు, ఏళ్ళ తరబడి ఎదురుచూపులు అక్కర్లేదని చూపించింది తెలంగాణ. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి 4,000 రూపాయల చొప్పున చెక్కులు ఊళ్ళలో పంచారు. 57 లక్షల మంది రైతులకి పంచాల్సిన పని, కింద నడిపించాల్సింది మండల వ్యవసాయ అధికారులు. లాటరీలో వచ్చిన కొన్ని మండలాల అధికారులకి ముందే ఒక మాట చెప్పారు: మీ మండలం రైతులకి ఫోన్లు చేసి చెక్కులు అందాయో లేదో అడుగుతాం, మీ పనితీరు దాన్ని బట్టి కొలుస్తాం. అంతే. బోనస్ అని గానీ సస్పెన్షన్ అని గానీ అనలేదు. ఆ మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. చిన్నదే అనిపిస్తుంది, కానీ అదనంగా రైతు చేతికి చేరిన ప్రతి రూపాయికీ అయిన ఖర్చు నాలుగు పైసల లోపే. ఇంత చవకగా ఇంత పని చేసే ఏర్పాట్లు ప్రభుత్వంలో అరుదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి, ఎందుకంటే ఫోన్లు మనకి కొత్త కాదు. సంతృప్తిగా ఉంటే 1 నొక్కండి, లేకపోతే 2 నొక్కండి అని రికార్డు చేసిన గొంతుతో వచ్చే ఫోన్లు అందరికీ తెలిసినవే. ఒకసారి మా ఇంట్లో నాయనమ్మ పింఛను గురించి అలాంటి ఫోన్ వస్తే అమ్మ ఎత్తింది. అంతకుముందు రోజే ఆ డబ్బు విషయంలో ఇంట్లో టెన్షన్ పడ్డాం, అయినా అమ్మ ఠక్కున 1 నొక్కింది. అదేంటమ్మా అంటే, "2 నొక్కితే పేరు తీసేస్తే నువ్విస్తావా?" అంది. తప్పుపట్టడానికేం లేదు, ఆమె కళ్ళతో చూస్తే ఆ ఫోన్ చేసింది డబ్బు ఇచ్చే చెయ్యే. ఇలా పోగైన 1లన్నీ కలిపితే నూటికి తొంభై ఏడో తొంభై ఎనిమిదో సంతృప్తి వస్తుంది, దాన్ని చూసి మార్చాల్సింది ఏమీ లేదని సంతోషపడొచ్చు. తృప్తి అడిగితే మర్యాద కోసమో భయానికో సమాధానం వస్తుంది. చెక్కు వచ్చిందా, ఏ రోజు వచ్చింది అని అడిగితే జరిగింది వస్తుంది. ఆధారం నాణ్యతలో సగం, అడిగే ప్రశ్న తీరులోనే తేలిపోతుంది.

రికార్డులు రాసేవాళ్ళకే ఆ రికార్డుతో లాభనష్టాలు ముడిపడి ఉన్నప్పుడు ఏమవుతుందో బడి పరీక్షలు చూపిస్తాయి. మధ్యప్రదేశ్‌లో, మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల పరీక్షల మీద అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్త చేసిన పని ఇది. టీచర్ల పర్యవేక్షణలో పేపరు మీద జరిగిన ప్రభుత్వ పరీక్షల్లో పిల్లలకి ఎన్ని మార్కులు వచ్చాయో చూసి, బయటివాళ్ళు అదే స్థాయి ప్రశ్నలతో మళ్ళీ పరీక్ష పెడితే మార్కులు బాగా పడిపోయాయి. పిల్లలకి రాని లెక్కలు రికార్డులో వచ్చేశాయన్నమాట. ఆంధ్రలో ట్యాబుల మీద పెట్టిన పరీక్షల్లో మాత్రం ఈ ఉబ్బు చాలా తక్కువ, బయటివాళ్ళు పెట్టిన పరీక్షకి దగ్గరగా వచ్చాయి. టీచర్లని తిట్టడానికి ఇది చెప్పడం లేదు. తక్కువ మార్కులు వస్తే పైనుంచి తిట్లు, ఎక్కువ వస్తే ఏ గొడవా లేదు అన్నప్పుడు ఎవరైనా ఆ పనే చేస్తారు. నష్టపోయేది మాత్రం భాగహారం రాని ఐదో తరగతి పిల్ల. ఆమెకి భాగహారం వచ్చని కాగితం మీద ఉంది కాబట్టి ఆమె కోసం ప్రత్యేకంగా క్లాసు పెట్టాలనే ఆలోచనే ఎవరికీ రాదు.

ఆధారం మన లెక్కల్ని తలకిందులు చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ జిల్లా పల్లెల్లో పిల్లలకి టీకాలన్నీ పూర్తయ్యేది నూటికి ఆరుగురికే. సేవామందిర్ అనే సంస్థ నెలనెలా తప్పకుండా ఊళ్ళో క్యాంపు పెడితే అది 18కి వచ్చింది. క్యాంపుకి తోడు టీకా వేయించిన ప్రతిసారీ కిలో పప్పు, అన్నీ పూర్తయితే పళ్ళాల సెట్టు ఇస్తే 39కి వెళ్ళింది. పప్పు పంచితే ఖర్చు పెరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ క్యాంపులో నర్సు జీతం, బండి ఖర్చు ఎంతమంది వచ్చినా ఒకటే. ఎక్కువమంది రావడంతో ఒక్కో పిల్లాడికి టీకాలు పూర్తిచేయడానికి అయ్యే ఖర్చు దాదాపు సగానికి తగ్గింది. తల్లులకి టీకా అంటే వ్యతిరేకత ఉందా అంటే, ఆ స్థాయిలో లేదు, ఉంటే కిలో పప్పుకి మారిపోదు. ఈ రోజు కూలి మానుకుని వెళ్ళాలా, వచ్చే నెల చూద్దామా అనే చోట చిన్న తోడు కావాలి. ఈ సంగతి ఆఫీసులో కూర్చుని ఎంత ఆలోచించినా తట్టేది కాదేమో.

ఆంధ్రలోనే బడులకి ఇచ్చిన గ్రాంట్ల మీద ఇంకో చిన్న విషయం. గ్రాంటు అనుకోకుండా వచ్చిన మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది, వస్తుందని ముందే తెలిశాక, తల్లిదండ్రులు పుస్తకాలకి, పెన్నులకి పెట్టే ఖర్చు ఆ మేరకు తగ్గించుకున్నారు, మార్కుల్లో లాభం లేకుండా పోయింది. పేద ఇల్లు, ఆ డబ్బు ఇంకో అవసరానికి వాడుకుంది, అదీ మేలే. కానీ అది చదువుకి పెట్టిన ఖర్చు అని మనం అనుకుంటే తప్పు.

మరి ఆధారం చేతిలో ఉంటే పని అయిపోతుందా? కాదు, దీనికి కూడా ఉదయ్‌పూరే సాక్ష్యం. అక్కడ పల్లె ఆరోగ్య కేంద్రాల్లో నర్సులు సరిగా రావడం లేదని, టైము ముద్ర వేసే మిషన్లు పెట్టి హాజరు చూశారు, రాకపోతే జీతం కోత అన్నారు. మొదటి నెలల్లో హాజరు బాగా పెరిగింది. 16 నెలలు గడిచేసరికి మిషన్లు ఉన్న చోటికీ లేని చోటికీ తేడా లేదు. ముఖ్య కారణం మిషన్లు పాడైపోవడం కాదు. మీటింగ్ ఉందని, సర్వే పని ఉందని "మినహాయింపు రోజులు" పెరుగుతూ పోయాయి, వాటిని మంజూరు చేసింది ఆరోగ్య శాఖే. కొలవడం ఆగలేదు, కొలిచినదాన్ని పట్టించుకోవాలనే ఉద్దేశం పోయింది.

మన దగ్గర ఉపాధి హామీ సామాజిక తనిఖీలు కూడా ఇదే చోట తడబడ్డాయి, అయినా వాటి మీద నాకు చాలా గౌరవం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ పనికి ప్రత్యేకంగా ఒక సొసైటీనే పెట్టింది. తనిఖీ బృందం ఊళ్ళో ఉండి, మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, ఆఖర్న గ్రామసభలో, తర్వాత మండల స్థాయి ప్రజా వేదికలో అందరి ముందూ చదువుతుంది. ఫలానా ఆయనకి ఇన్ని రోజులు పడ్డాయి, ఇంత కూలి అని చదివితే, "ఆయన పోయి రెండేళ్ళయింది కదయ్యా" అని జనంలోంచి ఒక గొంతు లేస్తుంది చూడండి, ఏ కంప్యూటరూ పట్టలేని ఆధారం అది. ఊరికి తెలిసిన విషయం మొదటిసారి కాగితం మీదకి ఎక్కుతుంది. కానీ ఎక్కాక? తనిఖీల్లో బయటపడ్డ డబ్బులో వెనక్కి రాబట్టింది కొంతే, ఉద్యోగాలు పోయినవాళ్ళు మరీ తక్కువ అని ఆ రికార్డుల్ని తిరగేసిన పరిశోధకులు చూపించారు. కూలి లెక్కల్లో దొరికిపోతున్నామని తెలిశాక సామగ్రి బిల్లుల వైపు జరిగినవాళ్ళూ ఉన్నారు. ఇసుక ఎన్ని ట్రాక్టర్లు దిగిందో ఊరివాళ్ళు చెప్పడం, నేను ఎన్ని రోజులు పనికి వెళ్ళానో చెప్పినంత తేలిక కాదు కదా.

ఇదంతా చదివి ప్రతిదానికీ లాటరీ వేయాలనుకుంటారేమో, అవసరం లేదు. నీళ్ళు కలుషితమైతే జబ్బు వస్తుందని తేల్చడానికి సగం ఊళ్ళకి మంచినీళ్ళు ఆపాల్సిన పని లేదు, ఆపకూడదు కూడా. ఒక ఊళ్ళో స్వచ్ఛంద సంస్థ నడిపితే పనిచేసింది రాష్ట్రమంతా ప్రభుత్వం నడిపితే పనిచేస్తుందనే హామీ కూడా లేదు, కెన్యాలో కాంట్రాక్టు టీచర్ల పథకం సరిగ్గా అలాగే విఫలమైంది: సంస్థ నడిపిన బడుల్లో ఫలితం కనిపించింది, ప్రభుత్వం నడిపిన చోట ఏమీ లేదు. స్మార్ట్ కార్డుల అధ్యయనానికి అంత విలువ రావడానికి కారణం కూడా ఇదే, అది ప్రభుత్వమే, మామూలు సిబ్బందితోనే, అన్ని లోపాలతోనూ నడిపిన పథకం మీద జరిగింది.

రేషన్ విషయానికి వస్తే నాకు కావాల్సింది పెద్దదేమీ కాదు. ప్రతి షాపులో ఎన్నిసార్లు వేలు పెట్టి పడలేదో, ఎంతమంది ఆ నెలలో ప్రయత్నించి ఖాళీగా వెళ్ళారో షాపు వారీగా లెక్క తీసి, ఎంత బియ్యం మిగిలిందనే అంకె పక్కనే బోర్డు మీద పెట్టాలి. అలా వెళ్ళినవాళ్ళలో కొందరికి నెలనెలా ఒక మనిషి, రికార్డు గొంతు కాకుండా ఒక మనిషి, ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగాలి: ఈ నెల బియ్యం వచ్చాయా, ఎన్నిసార్లు వెళ్ళాల్సి వచ్చింది? వేలు పడనివాళ్ళకి ఇంకో దారి, కన్ను చూపించడమో, ఫోన్‌కి వచ్చే నంబరో, అవీ కుదరకపోతే సంతకం పెట్టించుకుని ఇవ్వడమో, ప్రతి షాపులోనూ నిజంగా నడుస్తోందో లేదో ఆ సమాధానాలే చెబుతాయి. రైతుబంధుకి ఒక రూపాయికి నాలుగు పైసల లోపు ఖర్చుతో ఇలాంటి పనే జరిగింది. ఫోన్ నంబర్లు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి.